గులాబ్‌బీ ఊదితే ఆడే క్యాసెట్టు

పాలమూరులో పింజర్ల గల్లీకి వెళ్లి "ఊదే అవ్వ ఇల్లేది?" అని అడిగితే, అరుగు మీద కూర్చున్న మనిషి తల ఎత్తకుండానే చెయ్యి చూపించేవాడు. జ్వరమొస్తే పెద్ద దవాఖాన ఉంది. పిల్లవాడు జడుసుకుంటే మాత్రం గులాబ్‌బీ గడపే గతి. పొద్దుగూకే నమాజు అయ్యే వేళకు తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఆ ఇంటి ముందు నిలబడేవారు. వాళ్లలో బొట్టు పెట్టుకోనివాళ్లు ఎందరో, పెట్టుకున్నవాళ్లూ అందరే. ఆమె లోలోపల నాలుగు మాటలు చదువుకుని పిల్లవాడి నడినెత్తిన మెల్లగా ఊదేది. దాన్ని గులాబ్‌బీ వాళ్లు దమ్ చేయడమంటారు, మిగతావాళ్లు ఊదడమంటారు. ఆ చల్లటి గాలికి పిల్లవాడు కళ్లు మూసుకునేవాడు, ఏడుపు ఆగేది. ఎవరైనా కొంగుముడి విప్పబోతే గులాబ్‌బీ కసిరేది.

"ఊపిరికి కిరాయేందే? గిది నాదా? పైనోడు ఇచ్చిందాయె."

ఆ ఊపిరి ఒకనాటికి ఎక్కడో జపానులో పుట్టిన ఆటపెట్టెకు అక్కరకొస్తుందని ఆమె కల కూడా కని ఉండదు.

అసలు అది దూది ఇల్లు, దూదేకే పింజర్లది. నార్కట్‌పల్లి పక్క పల్లె నుంచి గులాబ్‌బీ కోడలిగా వచ్చిన నాడు ముందుగదిలో కాలు పెట్టే జాగా లేదు. అంతా దూదే. భర్త నూరుద్దీన్ ఆ గది నడుమ కూర్చుని, నిలువెత్తు విల్లును దూలానికి వేలాడదీసి, దాని నరాన్ని కర్రతో కొడుతుంటే టంయ్ టంయ్ మని గల్లీ చివరిదాకా వినబడేది. గడ్డకట్టిన దూది ఆ నరం తగిలి విడివిడిగా లేచి మంచులా పడేది. పాలమూరులో పెళ్లి జరిగితే పరుపులూ మెత్తలూ ఆ ఇంటి నుంచే. సాయంత్రానికి నూరుద్దీన్ తల ముసలివాడి తలలా తెల్లబడి ఉండేది. అన్నం ముందు కూర్చోగానే గులాబ్‌బీ వంగి అతని జుట్టులోని దూదిని ఊదేది. "సగం దూది నీ నెత్తిల్నే పోతున్నది, పరుపులు పల్సగైతున్నయి" అని ఎక్కిరించేది. కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడు మొదలైన ఆ అలవాటు, కొడుక్కి మీసాలు వచ్చినా మానలేదు.

ఎనభైల నడుమ స్టేషన్ రోడ్డులో కరెంటు మిషను పెట్టారు. నూరుద్దీన్ వారమంతా ఏకే దూదిని అది టీ తాగి వచ్చేలోపు ఏకి పారేసేది. నూరుద్దీన్ దాన్ని చూడ్డానికి కూడా పోలేదు. "నాల్గొద్దుల మోజు గది. మల్ల నా కాడికే వస్తరు" అన్నాడు. ఎవరూ రాలేదు. మిషను యజమానే ఇంటికొచ్చి, దూది సంగతి తెలిసిన మనిషి కావాలి, పనిలో చేరమని బతిమిలాడాడు. "విల్లు వట్టిన చెయ్యి మీట నొక్కుతదా?" అని పంపించేశాడు. ఆ తర్వాత పొద్దంతా విల్లు కింద కూర్చుని, దూది లేకుండానే నరాన్ని వేలితో మీటేవాడు. సాయంత్రం ఊదడానికి అతని తలలో ఏమీ ఉండేది కాదు. అదే గులాబ్‌బీకి అన్నిటికన్నా ఎక్కువ బాధ. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి మనిషి పోయాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని డాక్టరు చెప్పాడు. గులాబ్‌బీ మాత్రం పలకరించడానికి వచ్చినవాళ్లతో తనకు తెలిసిందే చెప్పింది.

"మిషను సంపలే ఆయన్ను. పంతం సంపింది."

కొడుకు తాజుద్దీన్ ఒక్కడే. రేడియోలు బాగుచేసే దుకాణంలో పని నేర్చాడు. చేతిలో ఎప్పుడూ స్క్రూడ్రైవరే, ఇంట్లో గడియారం కూడా నిమ్మళంగా ఉండలేకపోయేది. తొంభైల మొదట్లో ఒకనాడు హైదరాబాదు నుంచి టీవీ గేము పట్టుకొచ్చాడు. చెప్పుల పెట్టె అంత తెల్లటి పెట్టె, దానికి రెండు తోకలు, తోకల చివర మీటలు. పైన పసుప్పచ్చ క్యాసెట్టు గుచ్చితే టీవీలో బొమ్మ మనుషులు ఎగురుతారు, తుపాకులు కాలుస్తారు. దూది గది ఖాళీగానే ఉంది కదా అని అందులోనే టీవీ పెట్టి, అర్ధగంటకింత అని కిరాయికి ఆడించడం మొదలుపెట్టాడు. తండ్రి విల్లును మాత్రం పారేయలేక టీవీ పైన గోడకు తగిలించాడు. వారం తిరిగేలోపు ఊళ్లోని పిల్లలంతా అక్కడే. ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే అదే మరి, అదీ దూదేకులవాళ్ల ఇంట్లో!

గులాబ్‌బీకి మొదట ఆ గోల గిట్టలేదు. పొయ్యి దగ్గరి నుంచే తిట్టేది. ఒకరోజు ముందుగది ఉన్నట్టుండి చడీచప్పుడు లేకుండా అయిపోయింది. ఏమైందోనని తొంగిచూస్తే టీవీ నిండా గీతలు, పిల్లలంతా బిక్కమొహాలు. క్యాసెట్టు కొనల్లో దుమ్ము చేరితే ఆడదనీ, నోటితో ఊదితే పోతుందనీ తాజుద్దీన్‌కు తెలుసు. ఊదాడు, ఆడలేదు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఊదారు, ఆడలేదు. బఠానీలు నములుతూ ఊదితే ఏం ఆడుతుంది?

"ఇటు తేండి" అని గులాబ్‌బీ చెయ్యి చాపింది. బిస్మిల్లా అనుకుని, అలవాటు కొద్దీ ఆ నాలుగు మాటలూ చదివి, పిల్లల నెత్తిన ఊదినట్టే మెల్లగా, పొడిగా ఊదింది. తాజుద్దీన్ దాన్ని పెట్టెలో గుచ్చగానే పాట మొదలైంది. గది దద్దరిల్లింది.

"దుమ్ము వోయిందమ్మా, గంతే" అన్నాడు తాజుద్దీన్.

"దుమ్ముకైనా దేవుని పేరంటే భయముంటదిరా" అంది గులాబ్‌బీ.

ఇక ఆ రోజు నుంచి ఆమె ఊదనిదే ఏ పిల్లవాడూ క్యాసెట్టు గుచ్చనిచ్చేవాడు కాదు. కొత్త క్యాసెట్టు అయినా సరే, నిన్న ఆడిందైనా సరే. తెలుగువాళ్ల పిల్లలు అవ్వా అనేవారు, తురకల పిల్లలు దాదీ అనేవారు, అరుపు మాత్రం ఒకటే. ఆమె కోసం టీవీ పక్కన ఒక పీట వేశారు. భర్త పోయిన తర్వాత పొయ్యి దగ్గర మౌనంగా ఉండిపోయిన మనిషి, పీట ఎక్కాక నోరు విప్పింది. ఎవడు ఎవణ్ని కాల్చాడో, ఏ వంతెన దగ్గర ఎగరాలో పిల్లలకంటే ముందే చెప్పేది. పక్కింటి సుగుణమ్మ కొడుకును వెతుక్కుంటూ కట్టె పట్టుకుని వచ్చేది. వాణ్ని నాలుగు వాయించి, వెళ్లబోతూ ఆగి, "అవ్వా, ఎట్లాగు వచ్చిన కదా, జర వీనికి లెక్కల పరీక్షకు గూడ ఊదరాదు" అనేది.

ఏళ్లు గడిచాయి. మీట అరిగిపోతే తాజుద్దీన్ సైకిల్ ట్యూబు ముక్క కోసి వేసేవాడు, వైరు తెగితే అతికేవాడు. పెట్టె తెలుపు పోయి పసుపురంగుకొచ్చింది, అయినా ఆడుతూనే ఉంది. కొత్త క్యాసెట్ల కోసం హైదరాబాదు వెళ్లినప్పుడల్లా కోఠీలో దుకాణదారు అతన్ని చూసి నవ్వేవాడు. ఒకసారి అతను అన్న మాటను తాజుద్దీన్ ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు.

"గీ క్యాసెట్ల తరం అయిపోయిందంట అమ్మా. గీ ఆటపెట్టెలకు అయిదారేండ్లకొక తరం మారుతదంట. గిప్పుడు సీడీల తరమంట."

"తరమా?" గులాబ్‌బీ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది. "తరమంటే తాతకాడికెల్లి మనుమని దాంక గద బిడ్డా. అయిదేండ్లకు చింతచెట్టు గూడ కాతకు రాదు. గంత తక్కువ ఆయుస్సుకు తరమని ఎవడు వెట్టిండు పేరు?"

"పెట్టినోని దేశంల గంతేనేమో. వాళ్ల కాడ సచ్చినంకనే గది మనూర్ల పుట్టింది. సూడు, ఇంక బతికే ఉన్నది."

ఆ మాట గులాబ్‌బీకి నచ్చింది. తన ఊపిరి వల్లనే అది అన్నేళ్లు బతికిందని మనసులో కొంచెం గర్వం కూడా. మనిషికి ఆ మాత్రం గర్వం లేకపోతే ముసలితనం గడవదు.

కానీ కొత్తొక వింత, పాతొక రోత. తొంభైలు చివరికొస్తున్నాయనగా, బస్టాండు దగ్గర పర్వతాలు అనే అతను సీడీ పెట్టెతో దుకాణం తెరిచాడు. అందులో మనుషులు నిజం మనుషుల్లా ఉంటారట, బండ్లు నిజం బండ్లలా ఒరుగుతాయట. పింజర్ల గల్లీకి వచ్చే పిల్లలు పలుచబడ్డారు. మొదట పెద్దపిల్లలు మానేశారు, తర్వాత వాళ్ల తమ్ముళ్లు. బడి విడిచే వేళకు కూడా ముందుగదిలో టీవీ ఒక్కటే తనలో తాను మోగేది.

"ఫికర్ జెయ్యకమ్మా. నాల్గొద్దుల మోజు గది. మల్ల మన కాడికే వస్తరు" అన్నాడు తాజుద్దీన్.

గులాబ్‌బీ తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. ఆ మాట ఎవరిది, ఎవరి నోట్లోంచి వస్తోంది? ఆ మధ్యాహ్నం ఇంకో చప్పుడు కూడా విన్నది. ఆడేవాళ్లు లేక, తాజుద్దీన్ టీవీ కింద కూర్చుని, చెయ్యి పైకెత్తి, విల్లు నరాన్ని వేలితో మీటుతున్నాడు. టంయ్. కాసేపాగి మళ్లీ టంయ్. దూది లేని విల్లు మోత అది. ఆ మోత వెనకాలే చావు వచ్చిన ఇల్లు అది.  దుకాణం పోతే పోయింది, రేడియోలు బాగుచేసుకుని బతకొచ్చు. కొడుకు తండ్రిలా అయిపోతే ఏం చేయాలి?

మర్నాడు కూరగాయలకని చెప్పి, బురఖా వేసుకుని నేరుగా పర్వతాలు దుకాణానికే పోయింది. లోపల కూర్చున్నవాళ్లంతా తన చేత ఊదించుకున్నవాళ్లే. ఆమెను చూసి దొంగల్లా లేచి నిలబడ్డారు. సుగుణమ్మ కొడుకైతే బల్ల కిందికి వంగి చెప్పు వెతుక్కున్నాడు. పర్వతాలు కుర్చీ తుడిచి వేశాడు. పెట్టె మూత తెరిచి సీడీని చూపించాడు. అద్దంలాంటి పళ్లెం. గుచ్చేది లేదు, ఊదేది లేదు.

"మీ తాజుద్దీన్ మీద నాకేం పగలేదమ్మా" అన్నాడు పర్వతాలు. "నేను తెచ్చుకునే ముంగటనే ఆయన్నడిగిన. ఒక్కపారి పోయి ఇద్దరం రెండు పెట్టెలు తెచ్చుకుందాం, రిపేరొస్తే నీ చెయ్యి నాకు ఆసరైతదన్న. వద్దన్నడు."

"ఎందుకొద్దన్నడు?"

పర్వతాలు పెట్టె మూత వేశాడు. "గా పెట్టె వస్తే మా అమ్మ కూసునే జాగా పోతదన్నడమ్మా."

గులాబ్‌బీ కూరగాయలు కొనకుండానే ఇంటికి నడిచింది. దారిలో ఎవరు పలకరించినా వినబడలేదు.

తాజుద్దీన్ గడప దగ్గర ఉత్తగా కూర్చుని ఉన్నాడు. ఆమె బురఖా కూడా తీయకుండా ఎదుట నిలబడింది.

"తాజూ, పర్వతాలు పెట్టె తెచ్చుకుందామంటే ఎందుకొద్దన్నవ్?"

"గదంత ఉత్త మోజమ్మా, నాల్గొద్దులు..."

"మీ బాపు మాటలు నాకు జెప్పకు. ఆయన నోట్లకెల్లి ఇన్నయి సాలు. నా ముఖం జూసి జెప్పు."

తాజుద్దీన్ తల దించుకున్నాడు.  "బాపు వోయినంక నువ్వు నవ్వుడే మర్శినవ్. మల్ల నవ్వింది గా పీట మీద కూసున్నంకనే. పిల్లలు అవ్వా అవ్వా అంటరు, నువ్వు ఊదుతవ్. సీడీకి ఊదుడుండదు. నువ్వు మల్ల పొయ్యికాడికి వోయి ఒక్కదానివే కూసుంటవ్. గది నేను జూడలేనమ్మా."

గులాబ్‌బీకి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముందు కోపాన్ని వదిలింది.

"నేను ఆ పెట్టె కాడ వుట్టిన్నారా? అది రాకముందు ఊదలేదా? మీ బాపు దూది మీది పంతంతోటి వోయిండు. నువ్వు నా మీది ప్రేమతోటి, పావురంతోటి పోతవా? ఒక్కింట్ల ఒక్కతీరుగ ఇద్దర్ని సాగదోలాల్నా నేను? వో, పర్వతాల్ని ఎంటవెట్టుకొని వో. గా పెట్టె తెచ్చినంకనే నా చేతి బువ్వ తిను."

ఏడుపును మాత్రం లోపలికి పోయాక వదిలింది. కొడుకు తనను అంతగా చూసుకున్నాడని సంతోషం, ఆ చూసుకోవడమే వాణ్ని ముంచుతోందని దుఃఖం.

సీడీ పెట్టె వచ్చింది. ఎవరో వాడి విడిచినదే, అయినా పింజర్ల గల్లీకి అది కొత్త పెళ్లికూతురే. పాత క్యాసెట్ల పెట్టెను తాజుద్దీన్ బట్టలో చుట్టి అటక మీద పెట్టాడు. మొదటిరోజు పిల్లలు గడప దాకా నిండిపోయారు. గులాబ్‌బీ పొయ్యి దగ్గరే కూర్చుంటానంది, తాజుద్దీన్ వినలేదు. పీట పీటలాగే ఉంది, ఆమె దాని మీద కూర్చుంది.

ఆట మొదలై బండి మలుపు తిరగబోతుండగా టీవీలో బొమ్మ బిగుసుకుపోయింది. తాజుద్దీన్ మూత తెరిచాడు. సీడీ మీద ఎవరివో వేలిముద్రలు, జిడ్డు. అన్ని కళ్లూ పీట వైపు తిరిగాయి. అన్నేళ్ల అలవాటు ఊరికే పోతుందా? గులాబ్‌బీ చెయ్యి చాపింది, పళ్లెం అందుకుంది, అందులో కనిపించిన తన ముఖం మీదే బిస్మిల్లా అని ఊదింది. ముఖం మసకబారింది. నాలుగు తుంపర్లు కూడా పడ్డాయి. ఈసారి పెట్టె అసలే ఆడలేదు. గిర్రున తిరిగి గుర్రుమని ఊరుకుంది. వెనకనుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు.

తాజుద్దీన్ మళ్లీ మూత తెరిచాడు. సీడీ తీసి అంగీ కొసతో గబగబా తుడిచాడు. సన్నటి గీత పడింది.

"ఆగు ఆగు, గీతలు వడుతున్నయి" అంది గులాబ్‌బీ. నవ్వినవాడి మీదికి ఆమె ధ్యాసే పోలేదు. ఆమె కళ్లు ఆ గీత మీదున్నాయి. "దీనికేం గావాలెనో పర్వతాలు జెప్పలేదా?"

"మెత్తటిదాంతోటి తుడ్వాలన్నడు. నడుమకెల్లి అంచు దాంక. గుండ్రంగ తిప్పొద్దన్నడు."

"మెత్తటిదా?" గులాబ్‌బీ లేచింది. లోపలికి పోయి, తన తలకింది మెత్త కుట్లు విప్పి గుప్పెడు దూది పట్టుకొచ్చింది. నూరుద్దీన్ ఆఖరుసారి ఏకిన దూది అది. ఏళ్ల తరబడి తల మోసి మోసి గడ్డలు కట్టింది. ఆమె వేళ్లతో నలిపి చూసి తల అడ్డంగా ఊపింది. గడ్డ దూది కూడా గీస్తుంది.

"విల్లు దించు" అంది.

"నేనా?"

"ఇంకెవరు? చిన్నప్పుడు మీ బాపు ఒళ్లె కూసోని కొట్టలేదా?"

తాజుద్దీన్ విల్లు దించాడు. దుమ్ము దులిపి, నరం బిగించి, దూలానికి వేలాడదీశాడు. మొదటి దెబ్బ పక్కకు పోయింది. రెండోది నరానికి తగిలింది గానీ దూది కదల్లేదు. తర్వాత చేతికి ఏదో జ్ఞాపకమొచ్చినట్టయింది. టంయ్ టంయ్ మని మోత లేచింది. దూదున్న విల్లు మోత. దాని తీరే వేరు. గడ్డలు విడిపోయి, పింజలు పింజలుగా గాల్లోకి లేచాయి. గల్లీలో ముసలివాళ్లు అరుగుల మీద నుంచి లేచి నిలబడ్డారు. పిల్లలు టీవీ సంగతే మరిచిపోయి నోళ్లు తెరిచారు.

గులాబ్‌బీ చిటికెడు పింజ తీసి, పళ్లేన్ని మోకాలి మీద పెట్టుకుని, నడుమ నుంచి అంచుకు, నడుమ నుంచి అంచుకు తుడిచింది. పసిపిల్లవాడి చెవి వెనక తుడిచినట్టే. పెట్టెలో పెట్టారు. గిర్రున తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది. బండి మలుపు దాటింది.

ఆ అరుపులకు సుగుణమ్మ కట్టె లేకుండానే పరుగెత్తుకొచ్చింది.

ఆట వంతు తనకొచ్చినప్పుడు సుగుణమ్మ కొడుకు మీట పట్టుకుని కూడా మొదలుపెట్టలేదు. "అవ్వా, ఊదలేదు" అన్నాడు.

"దీనికొద్దంట బిడ్డా. దూది సాలంట."

వాడు తల వంచి ఆమె ముందుకు పెట్టాడు. "అయితే నాకు ఊదు. నేను గెలువాలె."

గులాబ్‌బీ పకపకా నవ్వింది. నాలుగు మాటలూ చదివి వాడి నడినెత్తిన ఊదింది. ఇంకేముంది, నాకంటే నాకని వెనక వరసలోని తలలన్నీ వంగాయి.

పొద్దుగూకే వేళకు గది ఖాళీ అయింది. తాజుద్దీన్ విల్లును మళ్లీ గోడకు తగిలించబోయాడు. "ఉండనీ, రేపు గావాలె గద" అని గులాబ్‌బీ ఆపింది. అన్నం పెట్టి పిలిచింది. అతను వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. తలంతా తెల్లగా దూది.

ఆమె గరిటె కింద పెట్టింది. తర్వాత వంగి, కొడుకు జుట్టులోకి మెల్లగా ఊదింది.

"సగం దూది నీ నెత్తిల్నే పోతున్నది" అంది.